మగ్గానికి మినహాయింపు సరే, రంగు సంగతేంది?

కాలుష్యం లేని పనికి కాలుష్య మండలి అనుమతి ఎందుకు? 2016లో కేంద్ర మండలి 36 రకాల పరిశ్రమలను తెల్ల జాబితాలో పెట్టి, సమాచారమిస్తే చాలన్నది. మంచిదే. చాక్‌పీసులు తయారు చేసేటోడు ఆఫీసుల చుట్టూ తిరుగుడెందుకు? చేనేత మగ్గాన్ని కూడా అందులో చేర్చారు. అయితే అద్దకం ఉండొద్దట! నూలుకు రంగు అద్దకుండా పోచంపల్లి చీరె ఎట్ల వస్తది? ఇంట్లో నాలుగు చిలపలు అద్దుకునే నేతన్నను, పెద్ద అద్దకం మిల్లును ఒక్క గాటన కట్టొద్దు. రంగు నీళ్ళు వాగులో కలవొద్దన్నది నిజమే. దానికి సర్కారే నేతన్నల వాడల్లో ఉమ్మడి శుద్ధి తొట్లు కట్టియ్యాలె. నక్కవాగును ఖరాబు చేసింది మగ్గాలు కావు, పటాన్‌చెరు రసాయన ఫ్యాక్టరీలు. చిన్నోళ్ళ ఫైళ్ళు తగ్గినంక మిగిలే టైమును అధికారులు ఆ ఫ్యాక్టరీల పైపుల కాడ గడపాలె.