కట్టె కొట్టేది మనం, ఎండబెట్టి అమ్మేది వాళ్లు

కట్టెల పనిలో పైసలు ఎక్కడున్నయో మన వాడకు తెలియాలె. గొడ్డలిలో లేవు. నెత్తి మీది మోపులో లేవు. ఎండలో ఉన్నయి. ఎండబెట్టే జాగ ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లది. మిగిలిన చెమటంతా మనది.

ఈ లెక్క కొంచెం విప్పి చెప్తా. అప్పుడే నరికిన చెట్టులో, జాతిని బట్టి, బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లే ఉంటయి. సగం నీళ్లున్న కట్టె వంద కిలోలు ఎండితే అరవై, అరవై ఐదు కిలోలకు వస్తది. పచ్చికట్టె పొయ్యిలో పెడితే ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలె, అప్పుడు గాని అన్నం ఉడకదు. అందుకే పచ్చికట్టె పొగ, ఎండుకట్టె మంట. ఆ పొగ మింగేది ఆడోళ్లు.

మొద్దును మొద్దులాగనే పడేస్తే తొందరగా ఎండదు, బెరడు తడిని లోపలనే పట్టుకుంటది. ఇనుప సీల పెట్టి సమ్మెటతో పగలగొట్టాలె. చీల్చిన ముక్కలను నేలకు తగలకుండ రెండు దుంగల మీద పేర్చాలె. సందుల్లోంచి గాలి ఆడాలె. మన పాలమూరు ఎండలకు రెండు మూడు నెలల్లో గలగలమంటది. ఇందులో మనకు రాని విద్య ఏమున్నది? ఏదీ లేదు. లేనిదల్లా రెండే: పేర్చుకునే జాగ, రెండు మూడు నెలలు ఆగే తిండి.

పొద్దున కొట్టిన మోపు పొద్దుగూకేలోపు అమ్మితేనే ఇంట్ల నూకలు. అందుకే మనోడు పచ్చికట్టె అమ్ముతడు. అడితి సావుకారు కొంటడు, పేర్చుకుంటడు, సల్లగ కూసుంటడు. సూర్యుడు ఆయన దగ్గర జీతం లేని పనోడు.

కాంటా కాడ ఇంకో కథ. నీళ్ల బరువుకు తరుగు తీసుడు తప్పని నేననను, నీళ్లు నిజమే. కాని ఒకే నీళ్లకు రెండుసార్లు కోస్తున్నరు. కాంటా మీద "పచ్చిది" అని తరుగు తీస్తరు. మిగిలినదానికి మళ్లీ పచ్చికట్టె రేటే కడతరు. తరుగు తీసినంక ఎండుకట్టె రేటియ్యాలె, లేకుంటే తరుగు తీయొద్దు. ఈ ఒక్క మాట అడగనీకె డిగ్రీ అక్కర్లేదు. నలుగురు కలిసి నిలబడితే చాలు.

మా అమరచింత దిక్కు పెద్ద అడవి లేదు. నల్లమల దూరం. మనకు దొరికేది చెరువుల్లో, వాగుల పొంట, బీళ్లల్లో పెరిగిన సర్కారు తుమ్మ. ఈ చెట్టు మనది కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటిండ్రని అటవీ రికార్డులు చెప్తయి. ఇప్పుడు చెరువును మింగుతున్నది, బీడును మింగుతున్నది. ఆ ముండ్లల్ల చేతులు పెట్టి కొట్టేది మాత్రం వాడ మనుషులే. చెరువు తుమ్మను వేలం పెడితే డిపాజిట్ కట్టగలిగిన కాంట్రాక్టరు పాడుకుంటడు, కూలి మనకు మిగులుతది.

"గ్యాస్ వచ్చినంక కట్టెలెవరు కొంటరు సారూ?" అని అడుగుతరు. 2016లో ఉజ్వల వచ్చింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం అయిదు వందలకు సిలిండర్ పథకం మొదలుపెట్టింది. మంచిదే, మన ఆడోళ్ల కండ్లు బాగుపడాలె. అయినా పెండ్లి వంటలు, హోటళ్లు, ఇటుక బట్టీలు, నూలుకు రంగులద్దే కాగులు, బొగ్గు బట్టీలు, కాటి మంటలు కట్టె మీదనే నడుస్తున్నయి. మనది నేత ఊరు, ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా?

కట్టెకూ మనకూ ఉన్న సంబంధం నిన్నటిది కాదు. ఈ నేల అమరచింత సంస్థానం కింద ఉండె. నిజాం రాజ్యంలో గడీలకు, గస్తీకొచ్చిన అధికార్లకు పొయ్యి కట్టెలు మోసుడు మాల మాదిగల వెట్టి. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అలవాటు మాత్రం పోలేదు. మా అమ్మ మోసిన మోపు పెద్దింటి వంటింట్లకు పోయింది, మా అమ్మ దొడ్డి గోడ కాడనే ఆగింది. కట్టెకు మైల లేదంట, మోసిన మనిషికి ఉన్నదంట! మనం ముట్టిన నీళ్లు పారబోసినోళ్లు మనం ముట్టిన కట్టెతో బువ్వ వండుకున్నరు.

ఇప్పటికీ కొన్ని ఊర్లల్ల పెద్దకులమోళ్లు చస్తే కాష్ఠానికి కట్టె కొట్టుడు, మోసుడు వాడ పనే. కూలి ఉండదు, కల్లు సీసా ఉంటది. ఇది ఆచారం కాదు, నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం మనతోని వెట్టి చేయించుడు శిక్ష పడే నేరం. 2015 సవరణ బలవంతంగ శవాలు మోయించుడును, గోతులు తవ్వించుడును కూడ అందుల చేర్చింది. కాటికి కట్టె కావాలంటే కాంటా పెట్టి, రేటు కట్టి కొనాలె.

మన చదువుకున్న పిల్లలు కొందరు కోపం చేస్తరు. "బాబాసాహెబ్ చదువుమన్నడు, మీరు కట్టెలు అమ్ముమంటరా?" అని. తమ్ముడూ, కట్టె కొట్టుడు మన కులవృత్తి కాదు, మన ఆకలి వృత్తి. వదలగలిగినోడు ఇయ్యాలనే వదలాలె. బడి ఈడు పిల్ల నెత్తి మీద మోపు కనబడొద్దు, పంతులుగ నా మొదటి మాట అదే. కాని ఆ పిల్ల బడిల కూసోవాలంటే అమ్మ మోపుకు సరైన ధర రావాలె గదా! పనిని తిట్టి లాభం లేదు. పని మీది పెత్తనం గుంజుకోవాలె.

అందుకే వాడ వాడకు నా సూచన ఇది. సంఘంగ కూడుండ్రి. గ్రామసభలో తీర్మానం పెట్టి వాడ పక్కన కట్టెలు ఎండబెట్టనీకె జాగ అడగండ్రి. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీల పైసలు ఎస్సీలకే ఖర్చు పెట్టాలంటది. షెడ్డు, కాంటా, ఒక ట్రాలీ ఆ నిధి నుంచి అడగండ్రి. చెరువు తుమ్మను వేలానికి ముందు కొట్టే సంఘానికే ఇయ్యమనండ్రి. చెట్టు కొట్టేముందు 2002 వాల్టా చట్టం కింద అనుమతి కాయితం చేతిల పెట్టుకోండ్రి, లేకుంటే బండి ఆపేటోనికి మనమే దారి ఇచ్చినట్టు. అడితిల కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదో లేదో చూడండ్రి.

రెండు మూడు నెలల తిండి ఎట్ల అంటరా? మొదటి ఏడు కొట్టిన కట్టెల సగం అమ్ముకోండ్రి, సగం పేర్చుండ్రి. రెండో ఏడు పాత కట్టె అమ్ముకుంట కొత్త కట్టె ఎండబెట్టుకోవచ్చు. పొదుపు సంఘాల అక్కచెల్లెండ్లకు ఈ లెక్క నాకంటె బాగ తెలుసు.

సూర్యుడు ఊరికీ వాడకూ ఒక్కడే. ఆ ఎండ కింద మనకింత జాగ కావాలె. గొడ్డలి పట్టిన చేతికే కాంటా రావాలె.