అరగని బ్రేకు ప్యాడ్లు కావాలా?

"ఇవి వేసుకోండి సార్, జన్మలో అరగవు" అన్నాడు మొన్న మెకానిక్, డబ్బా కూడా లేని బ్రేకు ప్యాడ్లు చూపించి. నాకైతే అక్కడే అనుమానమొచ్చింది.

నా బైకు డిస్కు స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని పట్టి ఆపే ప్యాడ్ ఏమో కెవ్లార్ లాంటి పీచుల్నీ, గ్రాఫైటునీ, ఇంకా ఏవేవో పొడుల్నీ ఫినాలిక్ రెజిన్‌తో కలిపి వేడిమీద అదిమిన బిళ్ళ. అరిగిపోతోందని తిట్టుకుంటాం గానీ, అరగడమే దాని ఉద్యోగం! రాలిన పొడిలో కొంత నలిగి స్టీలు మీద సన్నటి పొరలా పరుచుకుంటుంది. రాపిడి ఒకే తీరుగా ఉండాలంటే ఆ పొర కుదరాలి. కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగ్గా పట్టవు చూడండి, చాలావరకు అది ఇంకా కుదరకే. పోనీ అరగకూడదని మరీ గట్టి సరుకు వేస్తే అరిగేది డిస్కు. దాని ధర ఒకసారి అడిగి చూడండి.

వేడికి తట్టుకునే చవక పీచు ఒకటుంది, ఆస్‌బెస్టాస్. దశాబ్దాలపాటు బ్రేకుల్లో అదే వాడారు. దాని ధూళి పీలిస్తే క్యాన్సర్ వస్తుంది కాబట్టి యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి నిషేధించారు. మరి ఈ డబ్బాలేని ప్యాడ్లలో ఏ పీచుందో ఎవరు చెప్పాలి? "ఎన్ని కిలోమీటర్లొస్తాయి" అని తప్ప మనమూ ఏమీ అడగం. (నేనూ ఇన్నాళ్ళూ అంతే లెండి.)

నేను వద్దంటుండగానే పాత ప్యాడ్ల పొడిని ఎయిర్ పైపుతో ఊదేశాడు. పక్కన పానలు అందిస్తున్న కుర్రాడి ముక్కుకి గుడ్డ కూడా లేదు. తడిగుడ్డతో తుడవమన్నాను. ఇద్దరూ నవ్వారు.