చూసింది వేరు, నేర్చింది వేరు

ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి ఒక సాయంత్రం ఫోను నా ముందుంచి, "అమ్మీ, చూడు! మన కణాల్లో ఇలాంటివి నడుస్తాయట. ఇది చూశాక ఇక పుస్తకమెందుకు?" అంది.

తెరపై రెండు కాళ్ల ప్రోటీన్ ఒకటి, తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద మూటను మోస్తూ, సన్నని గొట్టంపై ఠీవిగా అడుగులు వేస్తోంది. అది హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం 2006లో రూపొందిన 'ది ఇన్నర్ లైఫ్ ఆఫ్ ద సెల్' అనే యానిమేషన్ చిత్రం.

ఆ ప్రోటీన్ పేరు కైనేసిన్. సూక్ష్మనాళికలపై సరుకులు చేరవేయడం దాని పని. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు. అడుగుకొక ఏటీపీ అణువు ఖర్చవుతుంది. ఒక్క మిల్లీమీటరు సాగాలంటే 1,25,000 అడుగులు వేయాలి!

"బాగుంది. మరి ఎటు వెళ్లాలో దానికెలా తెలుసు?" అని అడిగాను. అమ్మాయి మౌనం వహించింది.

ఇద్దరం కూర్చుని చదివాం. సూక్ష్మనాళిక రెండు కొనలూ ఒకటి కావు. ఒకటి ప్లస్, మరొకటి మైనస్. కైనేసిన్లలో అధికభాగం ప్లస్ కొనవైపు సాగుతాయి. డైనీన్ అనే మరో ప్రోటీన్ మైనస్ కొనవైపు సరుకు తెస్తుంది.

మరో సంగతీ తెలిసింది. చిత్రంలో కనిపించే ఖాళీ స్థలం కణంలో లేదు. అక్కడ అణువులు కిక్కిరిసి ఉంటాయి. నీటి అణువులు ఎడతెగక ఢీకొంటుంటే కైనేసిన్ పాదం అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాటలోనే ముందున్న తావును పట్టుకుంటుంది. ఏటీపీ శక్తి వల్ల వెనకడుగుకన్నా ముందడుగే ఎక్కువగా పడుతుంది. అంటే, అది దారి తెలిసిన బాటసారి కాదు. మనకు స్పష్టంగా కనిపించాలని చిత్రకారులు ఆ రద్దీని తొలగించారు. అది మోసం కాదు. పటంలో ప్రతి ఇంటినీ గీయలేం కదా! అయితే పటాన్నే ఊరనుకోవడం పొరపాటు.

కనుక తల్లిదండ్రులారా, పిల్లలను ఇలాంటి చిత్రాలు చూడనివ్వండి. పుస్తకంలోని కదలని బొమ్మకు అవి ప్రాణం పోస్తాయి. చూశాక మాత్రం ఫోను పక్కన పెట్టించి, చూసినదాన్ని కాగితంపై గీయమనండి. "ఎందుకలా జరుగుతుంది? ఇందులో చూపనిది ఏమిటి?" అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, నాకూ తెలియలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి నాళిక బొమ్మ గీసి, రెండు కొనలకూ గుర్తులు పెట్టింది. ఆ పక్కనే పాఠ్యపుస్తకం తెరిచి ఉంది.