ప్రొనౌన్లు బట్టీపడితే వచ్చేవేనా?

మా నందికొట్కూరు పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వచ్చినవాళ్లకు ప్రొనౌన్ల రకాలు గడగడా వచ్చు. పర్సనల్, పొసెసివ్, రిఫ్లెక్సివ్, రెలెటివ్... వాక్యం రాయమంటే మాత్రం పెన్ను కదలదు. లోపం పిల్లల తెలివిలో లేదు, పాఠం చెప్పే తీరులో ఉందని నా అభిప్రాయం.

ఇంటి భాషతో పోల్చి చెప్తే ఎంత తేలిక! 'మనం పోదాం' అంటే వినేవాడూ మనతో వస్తాడు. 'మేము పోతాం' అంటే వాడు ఇంటికాడే ఉండిపోతాడు. ఇంగ్లీషు 'వుయ్'లో ఈ తేడా లేదు. నువ్వు, మీరు రెండింటికీ ఒక్కటే 'యూ'; నిజానికది బహువచనం, ఏకవచనమైన 'దౌ' క్రమంగా వాడుకలోంచి జారిపోయింది. వాడు, అతను, ఆయన, మన ఆయప్ప - నలుగురికీ ఒకే 'హీ'! ఇంత సంపద నోట్లో ఉన్నవాళ్లకు భయమెందుకు?

చిక్కులు లేవనను. ఆవు వచ్చినా, అక్క వచ్చినా మనకు 'వచ్చింది' ఒక్కటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని విడదీసింది ఇలాంటి సంగతులకే. 'నిన్న వచ్చిన పిల్లోడు' అని మనం సులువుగా అనేస్తాం, ఇంగ్లీషువాడికి మధ్యలో 'హూ' కావాలి. గంటసేపు చెప్పాల్సింది ఇక్కడే గదా!

కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర 1840లో తెలుగు వ్యాకరణాన్ని తనవాళ్ల కోసం ఇంగ్లీషులోనే రాశాడు. మరి ఇంగ్లీషు వ్యాకరణం మాకు తెలుగులో చెప్తే నామోషీ ఏముంది? బోర్డు మీద ఒక పక్క 'మనం, మేము', ఇంకో పక్క 'వుయ్' రాసి మొదలుపెట్టండి సార్.