నీలం దారుల్లో మన వాటా

మన పెళ్లిళ్లలో ఒక కుర్చీ ఉంటుంది. నగల సంచి ఒళ్లో పెట్టుకుని, పిల్లల స్వెట్టర్లు, ఎవరివో రెండు హ్యాండ్‌బ్యాగులు పక్కన పెట్టుకుని ఒకావిడ అందులో కూర్చుంటుంది. తలంబ్రాలు ఆవిడకి కనపడవు, సందడి మాత్రం వినపడుతుంది. అమెరికాలో స్కీ రిసార్టుకి వెళ్లినా మన తెలుగు కుటుంబాల్లో ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. లాడ్జ్‌లో కిటికీ పక్క బల్ల మీద జాకెట్లు, బూట్లు, పులిహోర డబ్బాలు, వాటి వెనకాల ఒక అమ్మ. "మీరు వెళ్లి రండి, నేను సామాన్లు చూస్తుంటాను" అనే మాట ఎన్నిసార్లు విన్నానో!

నేను పుట్టింది గుడివాడలో, మెట్టింది అవనిగడ్డలో. డెన్వర్‌లో కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. మన దివిసీమ వాళ్లకి ఎత్తు అంటే కృష్ణ కరకట్ట, వాలు అంటే ఆ కట్ట దిగే బాట. నీరు పల్లమెరుగు అంటారు గానీ, మన వైపు నీళ్లు కూడా పల్లం వెతుక్కుంటూ పోవాల్సినంత చదును నేల. అలాంటి చోట పెరిగిన మనిషికి కాళ్లకి రెండు బద్దలు కట్టి మంచుకొండ మీద నిలబెడితే గుండె జారడం సహజం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. నేను తప్పు పట్టేది మన ఇళ్లలో ఈ విషయంలో రెండే దారులున్నట్టు మాట్లాడటాన్ని: అయితే నిటారు కొండ మీద నుంచి దూకాలి, లేకపోతే సామాన్ల కాపలా. ఈ రెండింటి మధ్య బోలెడంత చోటుంది. దానికి మ్యాపులో నీలం రంగు వేసి మరీ చూపిస్తారు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. అమెరికాలో స్కీ దారులకి గుర్తులుంటాయి. ఆకుపచ్చ గుండ్రం అంటే సులువు, నీలం చదరం అంటే మధ్యస్థం, నల్ల డైమండ్ అంటే కష్టం. లెక్కలో చెప్పాలంటే, 100 అడుగులు ముందుకు వెళ్లేసరికి 25 అడుగుల లోపు కిందికి దిగితే సాధారణంగా ఆకుపచ్చ, 25 నుంచి 40 అడుగుల దాకా నీలం, ఆ పైన నలుపు. ఇది స్థూలంగా చెప్పే లెక్క. అసలు మెలిక ఏమిటంటే, ఏ కొండకి ఆ కొండ తన దారుల్ని తనలో తాను పోల్చుకుని రంగులు వేసుకుంటుంది. ఒక చోట నీలం ఇంకో చోట నలుపుతో సమానం కావచ్చు. యూరప్‌లో అయితే రంగులే మారిపోతాయి. అక్కడ నీలం సులువు, ఎరుపు మధ్యస్థం. స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఇక నా అభిప్రాయం. మన మగవాళ్లు, పిల్లలు నీలం దారిని రైలు మారే జంక్షన్‌లాగా చూస్తారు. అక్కడ దిగాలి, త్వరగా నల్లబండి ఎక్కాలి. "అమ్మా, ఇంకా బ్లూనేనా?" అని మా వాడు రెండేళ్లు అడిగాడు. ఇంట్లో వంట చేసుకుంటూ పాడుకునే మనిషిని "కచేరీ ఎప్పుడు?" అని ఎవరైనా అడుగుతారా? కరకట్ట మీద సాయంత్రం సైకిల్ తొక్కే ఆడపిల్లని పోటీలకి ఎప్పుడు వెళ్తావని అడగరు కదా! ఆ గాలి, ఆ సాఫీ, తొక్కకుండానే సైకిల్ పోతున్న ఆ నాలుగు నిమిషాలు, అవే చాలు. స్కీయింగ్‌లో దాన్ని క్రూయిజింగ్ అంటారు. వెడల్పుగా, చదునుగా, పొడుగ్గా ఉన్న దారిలో పెద్ద పెద్ద వంపులు తిరుగుతూ, ఎక్కడా బిగుసుకుపోకుండా దిగడం. నా లెక్కలో నీలం మజిలీ కాదు, ఊరు. జీవితాంతం అక్కడే ఉండిపోయినా ఏ లోటూ లేదు.

అయితే నీలం అని రాసి ఉన్న ప్రతి దారీ హాయిగా ఉండదు. వెతుక్కోవాలి. నేను చూసుకునేవి ఇవి.

మొదట మ్యాపులో ఒక్క నీలం గీతని కాదు, గుంపుని చూస్తాను. ఒకే లిఫ్టు దిగితే చుట్టూ నాలుగైదు నీలం దారులుంటే నిశ్చింత. ఎటు తిరిగినా మన స్థాయే. బ్రెకెన్‌రిడ్జ్‌లో అయిదు శిఖరాలకి అంకెలే పేర్లు, 6 నుంచి 10 దాకా. అందులో పీక్ 7 మీద ఇండిపెండెన్స్ లిఫ్టు దిగితే దాదాపు అన్నీ నీలం దారులే, అలల్లాగా లేస్తూ పడుతూ సాగిపోతాయి. అదే కొండవరుసలో పీక్ 10 మీద ఎక్కువ నల్లవి. సియాటెల్ వాళ్లకి దగ్గర్లోని స్నోక్వాల్మీలో కూడా ఇంతే. సమ్మిట్ వెస్ట్ నేర్చుకునేవాళ్లకి, సెంట్రల్ మధ్యవాళ్లకి, ఆల్పెంటల్ చెయ్యి తిరిగినవాళ్లకి. ఎక్కే ముందు ఒక్కటే ప్రశ్న: ఈ లిఫ్టు దిగాక కిందికి రావడానికి సులువు దారి ఉందా? లేకపోతే ఎవరు పిలిచినా ఎక్కను.

రెండోది, రాత్రి మిషను తిరిగిందా లేదా. గ్రూమింగ్ అంటారు. పెద్ద యంత్రాలు మంచుని నలిపి, పరిచి, సన్నటి చారలు గీస్తాయి. దమ్ము చేసి చదును చేసిన మడిలాగా ఉంటుంది. పొద్దున్నే రిసార్టు యాప్‌లో, బోర్డుల మీద ఏయే దారులు చదును చేశారో పెడతారు. చదును చేసిన నిటారు నీలం కన్నా, చదును చెయ్యని వాలు తక్కువ నీలమే ఒక్కోసారి ఎక్కువ కష్టపెడుతుంది. గుంపులు గుంపులుగా గుట్టలు కట్టిన మంచు మోకాళ్లని తినేస్తుంది.

మూడోది, వేళ. పొద్దున్న చారలు చెరగకముందు వెళ్లడం వేరు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లడం వేరు. అప్పటికి జనం గీకేసి కొన్నిచోట్ల గట్టి ఐసు తేలుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండకి సాయంత్రానికి మెత్తబడి బురదలా అవుతుంది. అందుకే అంట్లు, వంట అన్నీ ముగించుకుని పదకొండింటికి కొండకి చేరడం మనకి నష్టం. ఆ రోజుకి టిఫిన్ ఎవరో ఒకరు చూసుకుంటారులెండి, ఆకాశం ఊడిపడదు.

నాలుగోది, ఒళ్లు. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. సముద్రమట్టం దగ్గర నుంచి వచ్చిన వదినలు, అత్తగార్లు వెంటనే అక్కడికి వెళ్తే తలనొప్పి, ఆయాసం రావచ్చు. ఒకటి రెండు రోజులు 5,280 అడుగుల డెన్వర్‌లో ఉండి, నీళ్లు బాగా తాగి అప్పుడు పైకి వెళ్లడం మేలు.

ఆకుపచ్చ నుంచి నీలానికి మారేవాళ్లు మధ్యలో ఒక పొడుగాటి ఆకుపచ్చ దారిని అలవాటు చేసుకోండి. కీస్టోన్‌లో స్కూల్‌మార్మ్ అని మూడున్నర మైళ్ల దారి ఉంది. అక్కడ ఆగకుండా, అలిసిపోకుండా దిగగలిగితే నీలం మిమ్మల్ని ఏమీ చెయ్యదు. పిల్లల భాషలో స్కీల కొసలు కలిపి వెనక విడదీస్తే పిజ్జా, రెండూ సమంగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్. పిజ్జాతో వేగం ఆపుకోవడం వచ్చి, ఫ్రైస్‌తో వంపు తిరగడం మొదలైతే చాలు.

ఇంత చెప్పడానికి కారణం ఒకటుంది. నాకు తెలిసిన బందరు అమ్మాయి, చురుకైన పిల్ల, మొదటి సీజనులోనే ఆకుపచ్చ దారులు చక్కగా దిగింది. రెండో రోజు భర్త "ఏం కాదు, నేనున్నాగా" అని నల్లదారి మీదకి తీసుకెళ్లాడు. సగంలో ఆ అమ్మాయి స్కీలు విప్పి చంకన పెట్టుకుని, ఏడుస్తూ అంచు వెంబడి నడిచి దిగింది. దెబ్బ తగల్లేదు. కానీ ఏడేళ్లయింది, మళ్లీ స్కీలు తొడగలేదు. ఇప్పుడు ఆ కిటికీ పక్క బల్ల ఆవిడది. భర్త చెడ్డవాడు కాదు, తనకి నచ్చింది పెళ్లానికి చూపించాలనుకున్నాడు. తనకి నచ్చిన చోటుకి తీసుకెళ్లాడు, అంతే. నా బాధల్లా ఆ అమ్మాయికి నచ్చే చోటు అదే కొండ మీద, రెండు లిఫ్టుల అవతల ఉందని.

"మనకెందుకు అంత ఖర్చు" అంటారు కొందరు. నిజమే, పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజున కౌంటరు దగ్గర టికెట్ కొంటే మనిషికి 200 డాలర్లు దాటిపోతుంది. ముందుగా కొనుక్కుంటే తగ్గుతుంది, చిన్న కొండలకి వెళ్తే ఇంకా తగ్గుతుంది. అయినా ఒక్క సంగతి గమనించండి. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట రద్దయ్యే టికెట్ ఎవరిది? పిల్లలకి విసుగు పుడుతుందన్నది ఇంకో మాట. పుట్టనివ్వండి. పొద్దున్న రెండు గంటలు అందరూ అమ్మతో నీలం మీద, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. మా ఇంట్లో ఇదే పద్ధతి. పొద్దున్న లిఫ్టులో పక్కపక్కన కూర్చున్న ఆ పది నిమిషాల్లో మా వాడు చెప్పే కబుర్లు ఇంట్లో నెలంతా అడిగినా చెప్పడు.

స్కీయింగ్‌లో భద్రతా నియమం ఒకటి నాకు బాగా ఇష్టం. ముందు, కింద ఉన్న మనిషిదే హక్కు. వెనక నుంచి, పై నుంచి వేగంగా వచ్చేవాళ్లే చూసుకుని తప్పుకోవాలి. నెమ్మదిగా వెళ్లే ఆడమనిషి పక్కకి జరిగి దారి ఇవ్వాల్సిన పని లేదు. మన ఇళ్లలో లేని నియమం కొండ మీద ఉంది, వాడుకోండి.

ఈ శీతాకాలం ప్రయాణం మాట వచ్చినప్పుడు ఏ రిసార్టు పెద్దది, ఏది పేరున్నది అని కాకుండా, ఇంట్లో అందరికన్నా తక్కువ వచ్చిన మనిషికి అక్కడ ఎన్ని దారులున్నాయో ముందు చూడండి. సామాన్ల సంగతంటారా, చాలా లాడ్జ్‌ల్లో లాకర్లుంటాయి.