పడుచువాని నడుము

తెలుగువాడు పనికి పూనుకొన్నచో నడుము కట్టును. అలసినచో నడుము వాల్చును. ఆశ చెడినచో వాని నడుము విరుగును. పురుషుని పూనికకును విశ్రాంతికిని భంగపాటునకును భాష ఈ ఒక్క అవయవమునే సాక్షిగా నిలిపినది. అట్టి నడుమే ఇరువది యేండ్ల ప్రాయమున మొరాయించినచో ఆ యువకునికి చెప్పుకొనుటకు మాట దొరకదు. "ఈ వయసులో నడుము నొప్పి యేమిరా!" అని తాత నవ్వును. ఆ నవ్వులో దయ లేకపోలేదు. విచారణ మాత్రము లేదు.

ముసలివారి నొప్పిని ఇల్లు నమ్మును. బస్తాలు మోయు కూలివాని నొప్పిని, మందిప్పింపకపోయినను, లోకము నమ్మును. బరువు కంటికి కనబడుచున్నది గదా! కుర్చీలో కూర్చుండి పనిచేయు పడుచువానికి ఏ సాక్ష్యమును లేదు. పెండ్లిచూపుల నాడు లేవబోవుచు కుర్చీచేతిని పట్టుకొనుట ఎవరి కంటనైన పడునేమో యని అతడు బెదరుచుండును.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అను వ్యాధి యొకటి కలదు. వెన్నెముకను, అది కటితో కలియు కీళ్ళను పట్టు వాపు వ్యాధి యిది. సాధారణముగా 45 ఏండ్లలోపుననే, పెక్కుమందికి ఇరువదులలోనే, మొదలగును. దీని నడక విపరీతము. కదలినచో నొప్పి తగ్గును, పడుకొన్నచో పెరుగును. రాత్రి రెండవ భాగమున నిద్ర లేపును. తెల్లవారునప్పటికి నడుము కొయ్యవలె బిగిసి, అరగంటకుగాని, ఒక్కొక్కప్పుడు గంటలకుగాని వదలదు. రాత్రి మూడు గంటలకు వాకిట అడుగుల చప్పుడు విని దొంగ యని లేచిన తండ్రి, కొడుకని తెలిసి మరల పడుకొనును. పగలు ఆ కొడుకు కునికిపాట్లు పడినచో, రాత్రియంతయు సెల్‌ఫోను చూచెనని తీర్పు! కొందరు విశ్రాంతి తీసికొమ్మందురు, కొందరు సోమరి యందురు. మొదటి మాట నొప్పిని పెంచును, రెండవది నోరు మూయించును.

వైద్యమును కొంత ఆలస్యము చేయుచున్నది. తొలి యేండ్లలో ఎక్స్‌రేలో మార్పు కనబడకపోవచ్చును. "ఏమియు లేదు" అని వైద్యుడు చెప్పిన మాట, ఇల్లు చేరునప్పటికి "నొప్పియే లేదు" అని మారిపోవును. ఎం.ఆర్.ఐ. పరీక్ష కొంత ముందుగా పట్టగలదు, ఎచ్.ఎల్.ఏ.-బి 27 అను జన్యు లక్షణముతో దీనికి గల సంబంధము 1973 నుండియు తెలిసినదే. అయినను రోగనిర్ణయమునకు ఏండ్లు గడచుట పరిపాటి. ఈలోగా చదువు కుంటుపడును, ఉద్యోగము మారును, స్నేహితులతో ఆటలు మానిపోవును. తగిన వ్యాయామము, వాపు తగ్గించు మందులు చాలమందికి మేలు చేయును. వానికి లొంగనిచో ఖరీదైన సూదిమందులును ఉన్నవి. కాని నమ్మినవాడే గదా వైద్యుని యొద్దకు తీసికొనిపోవునది.

నడుము నొప్పులన్నియు ఈ వ్యాధి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో నడుము నొప్పి గలవారు 61.9 కోట్లమంది. వారిలో అత్యధికులకు ఇదమిత్థమని చెప్పదగు కారణము దొరకదు. మూడు నెలలు దాటినచో దానిని దీర్ఘకాలికమందురు. కారణము దొరకనంతమాత్రమున నొప్పి అబద్ధమగునా? పంటినొప్పికి ఎవరును సాక్షిని అడుగుట లేదు.

1994లో ఇంగ్లండులోని బాత్ నగర వైద్యులు ఈ వ్యాధి తీవ్రతను కొలుచుటకు ఆరు ప్రశ్నల పట్టిక నొకటి ప్రకటించిరి. జవాబు చెప్పవలసినవాడు రోగియే. ప్రొద్దుటి బిగువు ఎంతసేపుండునను ప్రశ్న అందు చివరిది. మొదటిది నొప్పిని గూర్చినదే కాదు, ఎంత అలసటగా నున్నదని. మన యిండ్లలో ఆ ప్రశ్న అడుగువారు తల్లులు. కొడుకునకు మీసము వచ్చిన పిమ్మట వారును అడుగుట మానివేయుదురు.