రోగానికి కోరలు తగిలించిన ఆట

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో మమ్మీ, అంటే లేచి తిరిగే శవం, తాకితే రోగమంటుకుంటుంది. పూజారి మంత్రంతో రోగాలు నయమవుతాయి. కల్పనే గదా అంటారు. నిజమే, అయితే ఆ కల్పన దేన్ని దాస్తున్నది?

చౌడేపల్లె ప్రాంతానికి ఈ కథ కొత్తదా? బోయకొండ గంగమ్మను కొలిచే పల్లెలు మశూచిని ‘అమ్మవారు పోసింది’ అన్నాయి. 1975లో దేశంలో దాన్ని తుదముట్టించింది మొక్కుబడులు కావు, గడపగడపకూ తిరిగిన టీకా కార్యకర్తలు. టీకా అందని పల్లె దేవతను ఆశ్రయించింది. టీకా తెలిసిన లోకంలో పుట్టిన ఆటకు ఆ సాకు ఏది?

రోగానికి కోరలు తగిలిస్తే మురికినీరు, ఇరుకు గుడిసె, చాలని కూలి నిర్దోషులై తప్పించుకుంటాయి. విద్యార్థులారా, ఆడండి! కాని శవాన్ని నరికిన తర్వాత ఊరి బావిలోకీ తొంగి చూడండి.